సువార్తమ్మ బొట్టుబిళ్ల

కొత్తగా అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా చేరిన ఒక అమ్మాయి మొన్న ఫోన్ చేసింది. "మేడం, అట్రాసిటీ కేసుల్లో మెలకువలు ఏమైనా ఉంటే చెప్పండి" అంది. చెప్పాను. దర్యాప్తు చేసింది డీఎస్పీయేనా కాదా ముందు చూసుకో, బాధితుల కులపత్రం మొదటి రోజే ఫైల్లో పెట్టించు, సాక్షుల్ని ఒకరి వెంట ఒకరిని జాగు చేయకుండా విచారించెయ్ అన్నాను. ఆమె సంబరపడి ఫోన్ పెట్టేసింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సహించలేదు. పుస్తకంలో దొరికేది చెప్పి, దొరకనిది దాచుకున్నానని నాకు తెలుసు. ఆ దాచుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. చదివితే ధైర్యం వస్తుందని మాత్రం అనుకోకండి.

ఎవరి లాయరు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కోర్టుల్లో సర్కారు తరఫున వాదించి బతికినదాన్ని నేను. దెబ్బలు తిన్న మనిషి కోర్టు వరండాలో మన చెయ్యి పట్టుకుని "మా లాయరమ్మ" అంటుంది. మనం ఆమె లాయరు కాదు. ప్రభుత్వం లాయరు. ఆమె మన కేసులో ఒక సాక్షి, అంతే. ఈ తేడా ఆ మనుషులకు విడమరిచి చెప్పడానికి నాకెప్పుడూ నోరు రాలేదు.

రాజ్యాంగం పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసిందని లా కాలేజీలో బట్టీపట్టాం. రద్దయినదాన్ని ఊళ్లో మళ్లీ ఎవరో చేశారని నిరూపించడానికి సాక్షులు కావాలని అక్కడ ఎవరూ చెప్పలేదు. గొడవ జరిగిన రోజు ఊరంతా చూస్తుంది. బోనెక్కేసరికి ఒక్కొక్కరే "నాకేటీ తెల్దు బాబూ, నాను ఆయేల సంతకెల్లినాను" అంటారు. ఊరు ఊరంతా ఒకే రోజు సంతకు వెళ్లిపోయిన కేసులు నేను బోలెడు నడిపాను.

నా మొదటి పై అధికారి ముక్కోపి. సిగరెట్లు మానలేక, మానేశానని చెప్పుకోలేక సతమతమయ్యేవాడు. కానీ ఈ ఉద్యోగంలో నాకు పనికొచ్చే మాట చెప్పింది ఆయనొక్కడే. సాక్షి ఒకడు ఎదురు తిరిగితే నేను వరండాలో వాణ్ని తిట్టిపోస్తున్నాను. ఆయన చూసి లోపలికి పిలిచాడు.

"వాణ్ని తిట్టి ఏం లాభమమ్మా? వాడు ఏడాదంతా ఎవరి కళ్లంలో పని చేస్తాడో కనుక్కో. సాక్ష్యం అక్కడుంటుంది."

ఆ తర్వాత ఏ కేసు ఫైలు తెరిచినా నేను ముందు చూసింది అదే. ఎవరి కళ్లంలోనూ పని చెయ్యని సాక్షి ఒక్కరైనా ఉంటే కేసు నిలబడేది. లేకపోతే ఊరి పెద్దల ముందు రాజీ అయిపోయేది. రాజీ అంటే తన్నినవాడు, తన్నించుకున్నవాడు కలిసి టీ తాగడం అనుకునేరు. అప్పుడు కూడా గ్లాసులు వేరే.

నా కాయితం

అసలు కేసులోకి వెళ్లేముందు నా సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే నాకంత మంట ఎందుకో మీకు తెలియదు.

మాది బొబ్బిలి వైపు. మిషన్ వాళ్లు ఉన్న రోజుల్లో మా తాత బాప్తిస్మం తీసుకున్నాడు. నాన్న మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. బాప్తిస్మానికి ముందు మేం మాలలం. తర్వాత కూడా ఊరికి మాలలమే. చట్టానికి మాత్రం కాదు. షెడ్యూల్డు కులమనిపించుకోవాలంటే హిందువై ఉండాలన్నారు. కొన్నాళ్లకు సిక్కుల్ని కలిపారు, ఇంకొన్నాళ్లకు బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుణ్ని కలపలేదు. చర్చి గుమ్మం తొక్కిన మాలకు కులం పోయినట్టే లెక్క. మా రాష్ట్రంలో అలాంటివాళ్లకు బీసీ-సీ అని ఒక కాయితం ఇస్తారు. దానితో అట్రాసిటీ కేసు పెట్టలేరు.

అందుకని మా సంఘంలో చాలామంది రెండు పేర్లతో బతికేవారు. ఆదివారం దానియేలు, సోమవారం బడిలో దాలయ్య. "పేర్లు రెండైనా పెబువు ఒక్కడే కదా" అని నవ్వుకునేవారు. నాన్న ఒప్పుకోలేదు.

"దేవుడి దగ్గరొక పేరు, తాసీల్దారు దగ్గరొక పేరు నా పిల్లకొద్దు" అని బీసీ-సీ కాయితమే తెచ్చాడు. ఆ కాయితం వల్ల నేను పోగొట్టుకున్నవి నేను లెక్క చెప్పను. ఒకటి మాత్రం చెప్తాను. చట్టం నాకు కులం లేదన్న రోజుల్లోనే మా ఊరి హోటల్లో నా గ్లాసు విడిగా తాటాకు చూరులో దోపి ఉండేది.

రెండు పేర్లవాళ్లను నేనెప్పుడూ వేలెత్తి చూపలేదు. కులం మనిషిని వదలనప్పుడు మనిషి కాయితాన్ని ఎందుకు వదలాలి?

సాంబారు గిన్నె

పొందూరు నుంచి రాజాం వెళ్లే దారిలో ఒక ఊరు. ఊరి పేరు రాయను. ఆమె అసలు పేరు సువార్తమ్మ కూడా కాదు. ఎందుకు మార్చానో చివరికి మీకే తెలుస్తుంది.

రెండు వేల పది దాటిన కొత్తలో సంగతి. సువార్తమ్మ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. మొగుడు వదిలేసి పోయాడు, ఒక కూతురు. ఎస్సీ ఆడవాళ్లకు ఈ పనిలో ముందు అవకాశం ఇవ్వాలన్న నియమం కిందే ఆమెకు ఆ పని వచ్చింది. కులపత్రంలో ఆమె పేరు సూరమ్మ, హిందూ మాల. ఆదివారం చర్చిలో సువార్తమ్మ. రెండు పేర్ల మనిషే.

బడి కమిటీలో ఒక పెద్ద ఉన్నాడు. పొలాలున్న రైతు, మాట చెల్లే మనిషి. ఆ పని తన మనిషికి ఇప్పించుకోవాలని చూశాడు, కుదరలేదు. ఒక మధ్యాహ్నం పిల్లలంతా కంచాలు పట్టుకుని వరసలో కూర్చుని ఉండగా వంటపాక దగ్గరకు వచ్చాడు.

"మాలదాని సెయ్యి తగిలిన కూడు మా పిల్లలు తింతారేటే?" అని పొయ్యి మీంచి అప్పుడే దించిన సాంబారు గిన్నెను కాలితో తన్నాడు.

సాంబారు ఆమె మోకాలి కింద నుంచి పాదం దాకా పడింది. చర్మం ఊడి వచ్చిందని ఆస్పత్రి డాక్టరు రాశాడు. పిల్లలు ఆ పూట ఉత్త అన్నం తిని ఇళ్లకు పోయారు.

ఊరు ఎప్పట్లాగే సంతకు వెళ్లిపోయింది. కానీ బడిలో విజయనగరం నుంచి బస్సులో వచ్చిపోయే ఒక టీచరమ్మ ఉంది. ఆమెది హిందువుల ఇల్లే, పై కులమే. చూసింది చూసినట్టు పోలీసులకు చెప్పింది, కోర్టులో కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. ఆమె ఎవరి కళ్లంలోనూ పని చెయ్యదు. మా పాత అధికారి మాట ఎంత నిజమో ఆ రోజు మళ్లీ తెలిసింది.

ఆ టీచరమ్మ సాక్ష్యం తర్వాత కమిటీ పెద్ద తన్నలేదని వాదించి గెలవలేమని అవతలి లాయరుకు అర్థమైపోయింది. ఆయన బార్‌లో సీనియరు, సరదా మనిషి, కనిపిస్తే నాకు కాఫీ పోయించనిదే వదిలేవాడు కాదు. దారి మార్చేశాడు. తన్నాడో లేదో పక్కన పెట్టండి, ఈమె క్రిస్టియన్, క్రిస్టియన్‌కు కులం ఉండదు, కులం లేనప్పుడు కుల దూషణ ఎక్కడిది అన్నాడు. గిన్నె తన్నినప్పుడు మాల, కోర్టుకొచ్చేసరికి క్రిస్టియన్! ఆ వాదన విని నాకు ఒళ్లు మండింది. మండి ఏం చేస్తాను? చట్టం ఆయన వైపే ఉంది.

ఒక బొట్టుబిళ్ల

అప్పటికి నా పై అధికారి వేరే ఆయన. మేమంతా పీపీ గారు అనేవాళ్లం. చెడ్డవాడేం కాదు, కేసు గెలవాలన్న పట్టుదల ఉన్నవాడే. సువార్తమ్మ బోనెక్కే ముందురోజు నన్ను పిలిచాడు.

"రేపు ఆమెను బొట్టు పెట్టుకుని రమ్మనండి."

"సాక్షికి మనం నేర్పకూడదు కదా సార్" అన్నాను.

"నేర్పమన్నానా? బొట్టు పెట్టుకోమన్నాను. ఆడమనిషి బొట్టు పెట్టుకోవడం నేరమా? అయినా మీవాళ్లే కదా, మీరు చెప్తే వింటుంది."

ఆ 'మీవాళ్లు' అన్న మాట సర్వీసంతా వింటూనే ఉన్నాను. మామూలు రోజుల్లో మనమంతా ఒకటే. పని పడినప్పుడు మీవాళ్లు.

పొద్దున్న కోర్టు ఆవరణలో సువార్తమ్మ కుంటుకుంటూ వచ్చింది. కాలిన కాలికి చెప్పు పట్టక ఒక కాలికే చెప్పు వేసుకుంది.

"ఏటి సెప్పమంతారు తల్లీ?" అంది.

"ఏం చెప్పాలో నేను చెప్పకూడదమ్మా. నీ మతం ఏమిటని అడుగుతారు. క్రైస్తవురాలినంటే కులం కేసు పోతుంది. కాలు కాలిన కేసు ఒక్కటే మిగులుతుంది. అది జరిమానాతో సరిపోతుంది."

చెప్పకూడదంటూనే అంతా చెప్పేశాను. తప్పు చేశానని చెంపలు వేసుకోవడానికి ఇది రాయడం లేదు. రేపు అదే కోర్టు, అదే సువార్తమ్మ ఎదురైతే మళ్లీ అదే చెప్తాను.

"కులం కేసు పోతే ఏటవుద్ది?"

"వాళ్లు అంతటితో ఊరుకోరు. నీ కులపత్రం రద్దు చెయ్యమని కలెక్టరు దగ్గరకు పోతారు. వంటపని పోతుంది. నీ కూతురి హాస్టలు సీటు కూడా పోతుంది."

ఆమె కాలిన కాలు పక్కకు సర్దుకుంది.

"అయితే పెబువు నాకు తెల్దని సెప్పాల" అంది. అడగడం కాదు అది, తనకు తాను చెప్పుకోవడం.

పక్కనే ఉన్న ఆడ కానిస్టేబులు ఇవన్నీ అలవాటైన మనిషిలా హ్యాండుబ్యాగులోంచి బొట్టుబిళ్లల అట్ట తీసింది. "ఎర్రది పెట్టుకుంతావా, మెరూన్‌దా?" అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా తనే ఒక ఎర్రది ఊడదీసి సువార్తమ్మ నుదుటి మీద అంటించింది.

బోనులో అవతలి లాయరు తొందరపడలేదు. చుట్టం ఇంటికొచ్చి కుశలం అడిగినట్టు మొదలుపెట్టాడు.

"మీ అమ్మాయి పేరేంటమ్మా?"

"రాధండి."

"ఇంట్లో ఏమని పిలుస్తావు?"

ఆమె తడబడింది. "రూతు అంతానండి."

"బాగుంది పేరు. బొట్టు రోజూ పెట్టుకుంటావా?"

"ఎడతానండి."

ఆయన జడ్జిగారి వైపు తిరిగాడు. "అయ్యా, ఏళ్ల తరబడి బొట్టు పెట్టుకునే ఆడవాళ్లకు నుదుటి మీద ఆ చోటు తెలుస్తుంది. ఈమె నుదురు గమనించ ప్రార్థన. ఎక్కడా చిన్న మచ్చ లేదు."

కోర్టు హాల్లో ఉన్నవాళ్లందరూ ఆమె నుదుటికేసి చూశారు. నేనూ చూశాను. ఎండాకాలం, పంకా గాలి బోను దాకా రాదు. చెమటకు ఆ బిళ్ల జారి ముక్కు మీదుగా కింద చెక్క మీద పడింది. ఆమె వంగి, గోటితో గీకి తీసి, తడుముకుంటూ మళ్లీ అంటించుకుంది. కనుబొమకు కొంచెం పైన, పక్కకు పడింది. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కోపమైనా వచ్చేది.

"ఇప్పుడు సూటిగా చెప్పమ్మా. నువ్వు క్రిస్టియన్‌వా కాదా?"

"కాదండి. ఇందువునండి."

అంటూనే ఆమె గొంతు పెద్దదైంది. "ఆ బాబు గిన్ని తన్నినప్పుడు నువ్వు గుడికెల్తావేటి, సర్చికెల్తావేటి అని అడగనేదు కదండీ!"

"అడిగినదానికే చెప్పాలమ్మా" అన్నారు జడ్జిగారు. టైపు మిషను ఆగిపోయింది. మొత్తం కేసులో పనికొచ్చే మాట అదొక్కటే. అది రికార్డులో లేదు.

అయ్యగారి సాక్ష్యం

మా వైపు పాస్టరును అయ్యగారంటారు. అవతలి లాయరు సువార్తమ్మ సంఘం అయ్యగారినే తన తరఫు సాక్షిగా పిలిపించాడు. అయ్యగారు అబద్ధమాడడని ఆయనకు గట్టి నమ్మకం. మావాళ్ల మీద ఆయనకున్న గౌరవం అదొక్కటే, దాన్నీ అలా వాడుకున్నాడు.

అయ్యగారు ముసలాయన. పొందూరు ఖద్దరు లాల్చీ, తెల్ల పంచె. సువార్తమ్మను నాగావళి నీళ్లలో ముంచి బాప్తిస్మమిచ్చింది ఆయనే. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభు భోజనం రొట్టె ఆమె చేతిలో పెట్టేదీ ఆయనే. ఇదంతా నాకు తెలుసు, పీపీ గారికి తెలుసు, అవతలి లాయరుకు తెలుసు. జడ్జిగారికి తెలియదని కూడా నేననుకోను. కేసు పోయిందనుకుని నేను ఫైలు మూసి పెట్టుకున్నాను.

దేవుని ఎదుట అంతా నిజమే చెప్తానని అయ్యగారు ప్రమాణం చేశాడు.

"సువార్తమ్మ మీ సంఘ సభ్యురాలేనా?"

ఆయన వెనక బెంచీ మీద కూర్చున్న ఆమెకేసి చూశాడు.

"కాదండి."

అవతలి లాయరు వినపడనట్టు మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు.

"ఆమెకు మీరు బాప్తిస్మం ఇవ్వలేదా?"

"నేదండి."

"ప్రభు భోజనం?"

"తీసుకోనేదండి. పండగలకి వస్తాది. ఇందువులు కూడా సానామంది వస్తారు, మేం కాదనం."

అవతలి లాయరు తన సాక్షి తనకే ఎదురు తిరిగాడని చెప్పి అనుమతి తీసుకుని ఎంతసేపు గుచ్చి గుచ్చి అడిగినా ఆయన కదల్లేదు. సాక్షులు ఎదురు తిరగడం నాకు రోజూ ఉన్నదే. బలం లేనివాళ్ల వైపు తిరిగిన సాక్షిని మాత్రం నా ఉద్యోగం మొత్తంలో ఆ ఒక్కణ్నే చూశాను. అది కూడా అబద్ధంతో.

నాకు అడగడానికి ప్రశ్నలేమీ లేవన్నాను.

బయట వరండాలో సువార్తమ్మ ఆయనకు అడ్డం నిలబడింది. బొట్టు అప్పటికే తీసేసింది.

"అయ్యగారూ, నన్ను మీ సంగంలో మనిసిని కాదని సెప్పీసినారు."

"లోపల నువ్వూ అదే సెప్పినావు కదమ్మా."

"నాను నా కూడు కోసం సెప్పినాను. మీకేటొచ్చింది?"

"నీ కూడు కోసమే" అన్నాడాయన. గొడుగు తెరుచుకుని ఎండలో బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు. నేను స్తంభం పక్కన నిలబడి అంతా విన్నాను.

పెంకున్న గుడ్డు

గెలిచాం. కులపత్రం చెల్లుతుందని, పాస్టరే స్వయంగా ఆమె తమ సంఘంలో లేదని చెప్పాడని జడ్జిగారు రాసి శిక్ష వేశారు. పీపీ గారు స్టాఫుకంతా కాజాలు పంచాడు. "చూశారా, బొట్టు పనిచేసింది" అన్నాడు నాతో.

కమిటీ పెద్ద పై కోర్టుకు అప్పీలు వేసుకున్నాడు. శిక్ష నిలిపేశారు, ఆ వారంలోనే ఊళ్లో తిరుగుతున్నాడు. అయితే కోర్టు తీర్పు ఉంది కనుక సువార్తమ్మను వంటపని నుంచి తియ్యడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అదొక్కటే లాభం. కొన్నాళ్లకు ఏదో పని మీద కోర్టు వైపు వచ్చినప్పుడు కనిపించింది. పిల్లలు తింటున్నారా అని అడిగాను.

"మావోల్లు తింతారు. ఆల పిల్లలు ఇంటికాడ్నించి కేరేజీలు తెచ్చుకుంతారు మేడం. గుడ్డెట్టిన నాడు మట్టుకు అందరూ వస్తారు."

"గుడ్డుకైతే అంటు లేదా?"

"గుడ్డుకి పెంకున్నాది కదా. నా సెయ్యి తగల్దు" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఏడ్చాను.

కొత్తగా వచ్చే పిల్లలకు నా మాట ఇదీ. కులం లేని మతంలోకి వెళ్లారు కదా, మళ్లీ కులం హక్కులెందుకు అని మిమ్మల్ని పెద్ద పెద్దవాళ్లు అడుగుతారు. అడిగేవాళ్లందరూ దుర్మార్గులు కారు. వాళ్లకు చెప్పండి, మేం మతం మారాం, ఊరు మారలేదు. సమాధుల దొడ్డిలో కూడా మాల క్రైస్తవుల వరస, మిగతావాళ్ల వరస వేరేగా ఉన్న సంఘాలు నాకు తెలుసు. మా చర్చిల సిగ్గు అది, దాచను. కులం చర్చి లోపలికి కూడా వచ్చి కూర్చున్నప్పుడు, గుమ్మం దాటగానే పోయిందని రాసిన చట్టాన్ని ఏమనాలి?

పదిహేడో అధికరణం అంటరానితనం వద్దంటుంది. ఇరవై అయిదో అధికరణం ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్లు దేవుణ్ని కొలుచుకోవచ్చంటుంది. రెండూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. సువార్తమ్మకు మాత్రం రెండింట్లో ఏదో ఒకటి తీసుకోమన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నేను ఆ బేరం కుదిర్చిన మనిషిని, దానికి నెలనెలా జీతం తీసుకున్నాను.

మొదటి ఆదివారం

రిటైరయ్యాక, ఆ దశాబ్దం చివర్లో, ఆ ఊరి సంఘం కోతపండుగకు నన్ను పిలిచారు. ఒకప్పుడు మనవాళ్ల కేసు గెలిపించిన మేడం అని. నెలలో మొదటి ఆదివారం. ఆరాధన తర్వాత ప్రభు భోజనం, ఆపైన అందరికీ విందు.

నేను ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్నాను. అయ్యగారు ఇంకా ముసలివాడయ్యాడు. రొట్టె ముక్కల పళ్లెం వరసగా వస్తోంది. సువార్తమ్మ కోసం చూశాను. లోపల లేదు. బయట పందిరి కింద గాడిపొయ్యి దగ్గర నిలబడి సాంబారు కలుపుతోంది. పొయ్యి చూసుకునేవాళ్లు వేరే ఇద్దరున్నారు, ఆమె లోపలికి రావచ్చు.

అయ్యగారు పళ్లెం పట్టుకుని గుమ్మం దాకా వెళ్లాడు. ఆమె తల ఎత్తి చూసింది, తల అడ్డంగా ఊపింది. ఆయన పళ్లెంతో వెనక్కి వచ్చాడు. పక్కన కూర్చున్నావిడ నా చెవిలో చెప్పింది. "కోర్టుకెల్లొచ్చిన కాడ్నించీ అంతే. అయ్యగారు నెల నెలా తీసుకెల్తారు. అది వద్దంతాది. ఆయన కూడా తీసుకోడు."

నా ముక్క నా అరచేతిలోనే ఉంది. నా కాయితం నిజం కాయితం, నేను తినొచ్చు. తిన్నాను. పైన నీళ్లు తాగాను.

ఆరాధన అయ్యాక పొయ్యి దగ్గరకు వెళ్లాను. కాలి మీద మచ్చ తెల్లగా పాదం దాకా దిగి ఉంది.

"ఎందుకమ్మా ఇలా? ఆ రోజు నువ్వు అలా ఎందుకు చెప్పావో దేవుడికి తెలియదా?"

"ఆయనకి తెల్సు మేడం. తెల్సు కాబట్టే తినట్నేదు. ఆయన్ని ఎరగనని అందరి ముందరా సెప్పినాను. అందరి ముందరా అబద్దమని ఒప్పుకోకండా ఆ రొట్టి ఎలాగ ముడతాను?"

"మరి సంఘంలో లేచి ఒప్పుకోవచ్చు కదా?"

"ఒప్పుకుంతే ఊరంతా తెలుస్తాది. ఆ బాబు లాయరికి తెలుస్తాది. కేసు పోద్ది, పని పోద్ది. రూతు ఇప్పుడు నర్సు సదువుతన్నాది, ఆ సీటు పోద్ది. అయ్యగార్ని అబద్దం సాచ్చికమని జైల్లో ఎడతారు." గరిటె అంచున తట్టి పక్కన పెట్టింది. "మీరు సెప్పండి మేడం, మీకు తెలుస్తాది. పై కోర్టులో కేసు ఎప్పుడు తేల్తాది? అది తేలిపోయిన పై ఆదివారం లేసి సెప్పీసి, తింతాను."

ఆ అప్పీలు సంగతి నేను కనుక్కుంటూనే ఉన్నాను. రాష్ట్రం విడిపోయాక పై కోర్టు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారింది, ఫైళ్లు కట్టలు కట్టి లారీల్లో వచ్చాయి. అది ఇంకా విచారణకు రాలేదు. ఎప్పుడొస్తుందో చెప్పగలిగేవాళ్లు ఎవరూ లేరు. వచ్చి, మేమే గెలిచినా, ఆమె లేచి నిజం చెప్పిన మర్నాడే కులపత్రం మీద ఇంకో కేసు మొదలవుతుంది. ఈ మాట మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను. వృత్తిలో ఎన్ని మాటలు చెప్పకూడదని తెలిసీ చెప్పేశాను. చెప్పవలసిన ఈ ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"తేల్తుందమ్మా" అన్నాను.

"తేల్తాదిలెండి" అంది, నాకు ధైర్యం చెప్తున్నట్టు. విస్తరాకు తెచ్చి నా ముందు వేసి, అన్నం పెట్టి, సాంబారు పోసింది. "ముందు మీరు తినండి, సల్లారిపోద్ది."

సంఘమంతా వరసలో కూర్చుని ఆమె చేతి వంట తిన్నారు. ఊళ్లోంచి వచ్చిన హిందువులు కూడా కొందరు తిన్నారు. అయ్యగారూ తిన్నాడు. అందరికీ వడ్డించి ఆమె ఆఖరున తిన్నది. ఫోన్ చేసిన అమ్మాయీ, నీకు ఆ రోజు చెప్పకుండా దాచుకున్నది ఇదే. నేను గెలిచిన కేసుల్లో అన్నిటికంటే పెద్దది ఇదేనని ఇప్పటికీ అందరూ అంటారు.